పాత పాటల పెట్టెలు – అసలు భాగములు, అతుకు భాగములు

పొందూరు రాట్నమునకు ఆయువెంత అని అడిగినచో సమాధానము చెప్పుట సులభము కాదు. కదురు వంగినచో మార్చుదురు. త్రాడు తెగినచో క్రొత్తది పేనుదురు. చక్రపు ఆకు విరిగినచో వడ్రంగి వేరొక ఆకు తొడుగును. ఇట్లు ఇరువది ముప్పది యేండ్లు గడచునప్పటికి, అవ్వ వడికిన రాట్నమున అవ్వనాటి కఱ్ఱ ఎంత మిగిలినదో తేల్చుట కష్టము. ఐనను ఆ యింటివారు దానిని ‘మా అవ్వ రాట్నము’ అనియే చెప్పుదురు. అందు అసత్యమేమియు లేదు. ఏలయన, మార్చిన భాగములన్నియు ఆ రాట్నపు పనికై, ఆ రాట్నపు కొలతకు, అందఱు చూచుచుండగా మార్చినవి. కాని మిల్లునూలు గుడ్డపై పొందూరు ఖద్దరు ముద్ర వేసి అమ్మినచో దానిని ఊరిలోని పసిబిడ్డ సైతము మోసమనును. మార్పునకును మోసమునకును నడుమ గల ఈ భేదమే పాత గ్రామఫోను పెట్టెల విషయమునను ముఖ్యమైనది. ఆ భేదము తెలియక మన ప్రాంతపు ఇండ్లలోని అటకలమీదినుండి ఎన్నియో పాటల పెట్టెలు ముక్కలై పోయినవి.

గ్రామఫోను అను మాట తెలుగునాట పాటలు పాడు పెట్టెలన్నింటికిని సామాన్యనామమైనది. నిజమునకు అందు రెండు జాతులు కలవు. 1877వ సంవత్సరమున అమెరికాదేశమునందు తామస్ ఆల్వా ఎడిసన్ ధ్వనిని పట్టి మరల పలికించు యంత్రమును నిర్మించి దానికి ఫోనోగ్రాఫు అని పేరిడెను. అందు ధ్వని ఒక గుండ్రని గొట్టముపై చుట్టిన తగరపు రేకుమీద గీతగా పడెడిది. తరువాత రేకునకు బదులు మైనపు గొట్టములు వచ్చినవి. 1887లో ఎమిలి బెర్లినర్ అను నాతడు గొట్టమునకు బదులు బల్లపరుపుగా నుండు బిళ్లను పాడించు యంత్రమునకు పేటెంటు పొంది దానిని గ్రామఫోను అనెను. గొట్టమును పాడించునది ఫోనోగ్రాఫు. ప్లేటును పాడించునది గ్రామఫోను. ఒకదాని అంగము రెండవదానికి పొసగదు. పాతపెట్టెను పరీక్షింపబూనువారికి మొదటి పాఠమిది.

ఒకే జాతిలోనైనను భాగమునకు భాగము పొసగుట ఎంత సూక్ష్మమైన విషయమో తెలిసికొనుటకు ఎడిసన్ యంత్రములే చక్కని ఉదాహరణము. మొదట మైనపు గొట్టముమీద అంగుళమునకు 100 గీతలుండెడివి. గొట్టము నిమిషమునకు 160 చుట్లు తిరిగి రెండు నిమిషములు పాడెడిది. 1908లో ఎడిసన్ కంపెనీవారు అంగుళమునకు 200 గీతలుగల నాలుగు నిమిషముల గొట్టములను వెలువరించిరి. గీత సన్నబడినందున పాతముల్లు దానికి సరిపడదు. పెట్టినచో గీతనే చెఱచును. పాత పళ్లచక్రములు ముల్లును రెట్టింపు వేగముతో ప్రక్కకు జరుపును. అందుచే కంపెనీవారే పాత యంత్రములు కలవారికి క్రొత్త పళ్లచక్రములను, క్రొత్త ముల్లుగల ధ్వనిపేటికను విడిగా అమ్మిరి. అట్లు మార్పునొందిన 1904 నాటి యంత్రము నేడు దొరకినచో దానిని అసలుదనవలెనా, కాదనవలెనా? ఆ చక్రములు కర్మాగారమునుండి పెట్టెతో కలిసి రాలేదు. కాని వానిని చేసినవారు ఆ యంత్రమును చేసినవారే. చేసినది ఆ కాలముననే. చేసినది ఆ యంత్రముకొఱకే. ఇప్పుడు ఎవరైనను వానిని ఊడదీసి ‘మొదటి రూపమునకు తెచ్చితిమి’ అని చెప్పుకొన్నచో ఆ యంత్రపు జీవితమున ఒక పుట చింపివైచినట్లే యగును.

ఈ విషయమున లోకప్రసిద్ధమైన దృష్టాంతము వేరొకటి కలదు. తెలుగుదేశమున చదువురాని వారు సైతము ‘కుక్కబొమ్మ రికార్డు’ అని గుర్తుపట్టుచుండిన చిత్రమును ఎఱుగనివారు లేరు. బూరయొద్ద చెవియొగ్గి కూర్చున్న ఆ కుక్క పేరు నిప్పర్. దానిని చిత్రించినవాడు ఆంగ్లదేశపు చిత్రకారుడు ఫ్రాన్సిస్ బారాడ్. ఆయన మొదట వ్రాసిన చిత్రమున కుక్క యెదుట ఉండినది గ్రామఫోను కాదు. గొట్టము పాడించు ఫోనోగ్రాఫు. 1899లో లండనులోని గ్రామఫోను కంపెనీవారు చిత్రమును కొనుటకు అంగీకరించుచు, ఫోనోగ్రాఫు స్థానమున తమ యంత్రమును వ్రాయవలెనని కోరిరి. బారాడ్ అట్లే పాతయంత్రముపై రంగు పూసి క్రొత్తయంత్రమును వ్రాసి ఇచ్చెను. ఆ చిత్రమును ఏటవాలు వెలుతురున చూచినచో క్రింది ఫోనోగ్రాఫు జాడ కనబడునని చూచినవారు చెప్పుదురు. కోట్లకొలది ప్లేట్లమీద ముద్రితమైన ఆ గుర్తే అతుకు పడిన చిత్రము! ఐనను దానిని ఎవరును దొంగచిత్రమనలేదు. మార్చినవాడు చిత్రకారుడే, మార్చిన సంగతి గ్రంథస్థమైనది, ఆ సంగతి తెలిసినందున చిత్రముమీద జనులకు ఆసక్తి హెచ్చినదేగాని తఱుగలేదు.

మన దేశమునకు ఈ యంత్రములు వచ్చిన తొలిదినములలో రెండు జాతులును వచ్చినవి. కలకత్తాలో హేమేంద్రమోహన బోసుగారు ఇరువదవ శతాబ్దపు ఆరంభమున మైనపు గొట్టములపై రవీంద్రనాథ ఠాకూరు గళమును సైతము పట్టిరి. కాని మైనము మన వేడికి, మన బూజునకు నిలువదు. ఆ గొట్టములు చాలవఱకు నశించినవి. నిలిచినది ప్లేటు. 1902లో లండను గ్రామఫోను కంపెనీ పక్షమున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాకు వచ్చి, ఆ నవంబరు నెలలో గౌహర్ జాన్ పాటలను పట్టెను. ఆనాడు ప్లేట్లు అచ్చుపడుటకు జర్మనీలోని హానోవరునకు పోవలసియుండెను. అచ్చటి పనివారికి మన భాషలు తెలియవు. ఏ పాట ఎవరిదో వారికి తెలియుటకై గాయకులు పాటచివర తమ పేరు తామే చెప్పెడివారు. గౌహర్ జాన్ ఇంగ్లీషులో తన పేరు చెప్పి పాట ముగించుట ఆ ప్లేట్లలో నేటికిని వినవచ్చును. 1908లో కలకత్తాలోని సియాల్దాయందు అచ్చు కర్మాగారము వెలసెను. 1928 ప్రాంతమున అది డమ్‌డమ్‌నకు మారెను.

ఆ ప్లేటు ఏమిటితో చేయబడెడిదో తెలిసికొన్నచో అది పరదేశపు వస్తువని తోచదు. అందు ముఖ్యద్రవ్యము లక్క. ఏటికొప్పాక బొమ్మలకు నిగ్గు నిచ్చు లక్కయే ఇదియును. లక్కలో రాతిపొడి, నల్లరంగునకు మసి, బలమునకు సన్నని ప్రత్తిపీచు కలిపి, వేడిచేసి అచ్చువేసెడివారు. లక్క భారతదేశమునుండియే లోకమునకు ఎగుమతియగు సరుకు. అనగా పడమటిదేశముల ప్లేటులోను మన అడవుల అంశ కొంత కలదు.

ఉత్తరాంధ్రము సంగీతమునకు పుట్టినిల్లు వంటిది. 1919లో విజయనగరమున స్థాపితమైన సంగీత కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసుగారు ప్రథమాధ్యక్షులైరి. ఆ సంవత్సరముననే ద్వారం వేంకటస్వామినాయుడుగారు అచ్చట ఫిడేలు ఆచార్యులుగా చేరి, 1936లో అధ్యక్షపదవి నలంకరించిరి. ద్వారంవారి కమాను పలుకు గ్రామఫోను ప్లేట్ల మూలమున విజయనగరము చూడనివారికిని అందినది. సాలూరు ప్రాంతమునందలి శివరామపురమున జన్మించిన సాలూరి రాజేశ్వరరావుగారు బాల్యముననే, 1930వ దశకమున, హచిన్సు కంపెనీకి పాడిరి. పౌరాణిక నాటకముల పద్యములు, నాటకములకు నాటకములే అనేక ప్లేట్ల సెట్లుగా వెలువడినవి. రాత్రి రచ్చబండమీద పెట్టె తెరచి, కీ తిప్పి, ముల్లు దించినచో చుట్టుప్రక్కల వీధులవారు చాపలు తెచ్చుకొని కూర్చుండెడివారు. విద్యుచ్ఛక్తి లేని ఊరికి, రేడియో రాని ఊరికి, నాటకసమాజము పోలేని ఊరికి ఆ పెట్టెయే సభ, రంగస్థలము.

ఊళ్లకు ఎక్కువగా వచ్చినవి పెద్దబూర పెట్టెలు కావు. చేతితో మోసికొనిపోదగిన మూతపెట్టెలు. హిజ్ మాస్టర్స్ వాయిస్ వారి 101వ రకము 1925లోను, 102వ రకము 1931లోను వెలువడినవి. వానిలో బూర పైకి కనబడదు; పెట్టెలోపలనే మడిచి అమర్చబడియుండును. పల్లెటూరి ఇంట ‘మా తాతగారి గ్రామఫోను’ అని చూపునది పలుమారు ఈ జాతిదే యగును. పెద్ద ఇత్తడిబూరతో తళతళలాడునదియే పాత గ్రామఫోను అను భ్రమ సినిమాలు చూచుటవలన, అలంకార దుకాణములు చూచుటవలన కలిగినది.

ఇక పెట్టెలోని అంగములను చూడవలెను. ఉక్కుపట్టీ చుట్టిన స్ప్రింగు దానికి ప్రాణము. కీ తిప్పగా బిగిసి, మెల్లగా విప్పుకొనుచు పళ్లెమును త్రిప్పును. స్ప్రింగు నిండుగా ఉన్నపుడు బలము హెచ్చు, విప్పుకొన్నకొలది తగ్గు. ఐనను ప్లేటు నిమిషమునకు 78 చుట్లే తిరుగవలెను. ఆ పని గవర్నరుది. మూడు చిన్న గుండ్లు సన్నని పట్టీలమీద తిరుగుచు, వేగము హెచ్చినపుడు వెలుపలికి విచ్చుకొని, ఒక బిళ్లను తోలుముక్కకు ఆనించి వేగమును అణచును. ముల్లు గీతలో నడచుచు పొందిన కంపమును సౌండుబాక్సులోని పలుచని పొర అందుకొని గాలికి ఇచ్చును. పాతవానిలో ఆ పొర అభ్రకము. గూడూరు గనులలో దొరకు అభ్రకము వంటిదే. తరువాతివానిలో అల్యూమినియపు రేకు. పొర చుట్టును రబ్బరు వలయములుండును.

వీనిలో మొదట చచ్చునది రబ్బరు. ఎండి రాయియై పొరను బిగబట్టును, పాట గొంతుపట్టినట్లగును. తరువాత తోలుముక్క అరుగును, వేగము నిలువదు. స్ప్రింగు తెగవచ్చును. కొన్ని సౌండుబాక్సుల వెనుకతట్టు జింకు మిశ్రలోహముతో పోతపోసిరి; అందు సీసము వంటి మాలిన్యము కలిసినందున కాలక్రమమున ఉబ్బి, పగిలి, విచ్చిపోవును. దానిని ఎవరును బాగుచేయలేరు. ముల్లు సంగతి వేరు. అది ఒక ప్రక్క పాడి పారవేయుటకే చేయబడినది. అట్టిచోట ‘అన్నియు అసలువే కావలెను’ అని పట్టుబట్టుట యంత్రధర్మమును ఎఱుగకపోవుటయే.

అందుచే మార్చిన భాగములను మూడు తెగలుగా విభజించుట న్యాయము. మొదటి తెగ అరుగుటకే పుట్టినవి: ముల్లు, రబ్బరు, తోలు, చమురు, స్ప్రింగు. వీనిని మార్చుటవలన పెట్టె పేరునకు లోపము రాదు. రాట్నపు త్రాడు ఎట్టిదో ఇవియును అట్టివే. రెండవ తెగ, విడిపోయిన దానికి బదులు అదే కంపెనీ అదే కాలమున అదే రకమునకు చేసిన వేరొక పెట్టెనుండి తెచ్చినవి. 101వ రకమునకు నాలుగవ నెంబరు సౌండుబాక్సు పోయినచో వేరొక నాలుగవ నెంబరుదే తెచ్చి పెట్టుట యిట్టిది. ఇది దోషము కాదు. కాని చెప్పకపోవుట దోషము. మూడవ తెగ జాతికి చెందనివి: 1905 నాటి బూరపెట్టెకు 1935 నాటి మూతపెట్టె సౌండుబాక్సు, అభ్రకపు పొర స్థానమున అల్యూమినియపు రేకు వంటివి. పాట వినబడును, కాని ఆ పెట్టె కంఠము అది కాదు. పొందూరున ప్రత్తి శుభ్రపఱచుటకు వాలుగచేప దవడ యెముక వాడుదురు. ఆ స్థానమున ఏ దువ్వెన పెట్టినను పని కొంత జరుగవచ్చును. కాని అటుపిమ్మట ఆ నూలును పొందూరు పద్ధతి నూలని చెప్పరాదు.

ఈ మూడు తెగలకు వెలుపల నాలుగవది కలదు. అది మార్పు కాదు, శుద్ధ మోసము. పాత వస్తువులకు గిరాకి పెరిగిన తరువాత మన దేశముననే క్రొత్త ఇత్తడిబూరలు చేయించి, క్రొత్త కఱ్ఱపెట్టె కట్టి, పల్లెలలో చౌకగా కొన్న మూతపెట్టెల మోటార్లను ఊడదీసి అందు బిగించి, పైన కుక్కబొమ్మ బిళ్ల అతికి ‘నూరేండ్లనాటిది’ అని అమ్ముట వాడుకయైనది. ఇట్టివి దేశవిదేశముల సంతలలో విరివిగా కనబడును. ఒక్కొక్క మోసపు పెట్టె పుట్టుటకు ఒక్కొక్క నిజమైన పెట్టె చచ్చును. మోటారు పోయిన మూతపెట్టె చెత్తకుప్పకు చేరును. దానితో వచ్చిన ఇంటిచరిత్రయు అక్కడనే పోవును.

వీనిని గుర్తుపట్టుటకు గొప్ప పాండిత్యము అక్కఱలేదు. బూర మొదలు నుండి తుద వఱకు సన్నని రేకుతో తళుకుగానుండి, దానిని మోయు వంపుగొట్టము మోటుపోతగా ఉన్నచో అనుమానింపవలెను. మోటారు బిగించిన పలకమీద పనిలేని రంధ్రములున్నవా చూడవలెను. అవి ఆ మోటారునకు చేసినవి కావని అర్థము. కఱ్ఱ లోపలితట్టు తెల్లగానుండి పైతట్టుమాత్రమే నల్లగానున్నచో పాతదనము పూతయేగాని వయస్సు కాదు. అన్నింటికంటె మర లెక్కువ చెప్పును. తలమీద నక్షత్రమువలె అడ్డునిలువు గంట్లుగల మరలు 1930వ దశకమున వాడుకలోనికి వచ్చినవి. 1910 నాటిదని చెప్పు పెట్టెలో అట్టి మర కనబడినచో, అధమము ఆ మరయైనను అటుపిమ్మట వచ్చినదే.

ప్లేట్ల విషయమునను జత చూచుట అవసరము. పది అంగుళముల ప్లేటు ఒక్కొక్క ప్రక్క మూడు నిమిషములకు కొంచెము మించి మాత్రమే పాడును. కనుక నాటకము ఒక్కటి అనేక ప్లేట్లకు వ్యాపించును. ఒకటి పగిలిన సెట్టును వేరొక సెట్టునుండి తెచ్చి పూరించుట కలదు. అట్టిచోట కాగితపు బిళ్లను నమ్మరాదు. బిళ్లకు వెలుపల నున్నని అంచున లోహపు అచ్చునుండి పడిన సంఖ్యను చూడవలెను. కాగితము ఎన్నిసార్లయినను మార్చి అచ్చువేయవచ్చును. ఆ సంఖ్య మాత్రము గాయకుడు పాడిననాటి అచ్చునకు చెందినది. ఒకే సంఖ్యగల రెండు ప్లేట్లకు బిళ్లలు వేఱైనచో ఒకటి ముందుది, ఒకటి వెనుకటిది. పాట మాత్రము ఒక్కటే.

ఈ ప్లేట్లు భారతదేశమున 1960వ దశకము వఱకు అచ్చుపడినవి. తరువాత సన్నగీతల ప్లాస్టిక్ ప్లేట్లు, వాని తరువాత క్యాసెట్లు వచ్చి పెట్టెలను అటక నెక్కించినవి. చెన్నపట్టణమున వి.ఎ.కె. రంగారావుగారి వంటి రసజ్ఞులు ప్లేట్లను వేలకొలది సేకరించి కాపాడిరి. పల్లెలలో మిగిలిన పెట్టెలకు అట్టి భాగ్యము పట్టలేదు. పాతసామానుల వర్తకుడు వచ్చి ఇత్తడిని తూకమునకు అడుగును. ఇంటివారు చోటు కలిసివచ్చినదని సంతసింతురు.

అట్టి పెట్టె ఇంట నుండినవారు చేయవలసినది స్వల్పము. దానికి క్రొత్తరంగు వేయరాదు. చెడినది మార్పించినచో పాతముక్కను పారవేయక గుడ్డలో కట్టి పెట్టెలోనే ఉంచవలెను. ఒక నిండుపెట్టెను చంపి వేరొక లోపపు పెట్టెను పూరింపరాదు. తుప్పు పట్టిన ముల్లుతో ప్లేటును గీయరాదు. పిమ్మట ఒక కాగితముపై ఆ పెట్టెను ఎవరు, ఎప్పుడు, ఎచ్చట కొనిరి, ఏ భాగము ఏ సంవత్సరమున మార్చిరి, ఏ ప్లేట్లు దానితో ఉండెడివి, ఎవరు పాడించెడివారు అను సంగతులు వ్రాసి మూతలోపల ఉంచవలెను. ఇంటి పెద్దలు జీవించియుండగానే ఈ పని జరుగవలెను. వారి తరువాత మర చెప్పునంతయే మిగులును.

గ్రంథాలయ పాఠకులకు ఈ పద్ధతి క్రొత్తది కాదు. చిరిగిన పుస్తకమునకు క్రొత్త అట్ట వేయుదురు, విడిన ఫారములను కుట్టుదురు; ఐనను నమోదు పుస్తకములోని సంఖ్య మారదు, ముఖపత్రముమీది ముద్ర మారదు. అట్ట మారినదని ఎవరును ఆ పుస్తకమును కాదనరు. కాని ఒక పుస్తకపు ముఖపత్రమును చింపి వేరొక పుస్తకమునకు అతికినచో రెండు పుస్తకములును నశించినట్లే. ఊరి గ్రంథాలయము తన నమోదు పుస్తకము ప్రక్కన వేరొక చిన్నపుస్తకము నుంచి, ఊరిలోని పాటల పెట్టెల వివరములను ఇంటింట అడిగి వ్రాసికొన్నచో ఖర్చు లేదు, లాభము మాత్రము తరతరములకు నిలుచును. పెట్టె అమ్ముడుపోయినను దాని కథ ఊరిలో మిగులును.

గౌహర్ జాన్ పాటచివర తన పేరు తాను చెప్పినందుననే, హానోవరులోని ఆ పరదేశపు పనివాడు ఆమె ప్లేటుమీద ఆమె పేరే అతుకగలిగెను. పెట్టెకు అట్టి నోరు లేదు. అది ఇతరుల పాటలన్నియు పాడునుగాని తన కథ తాను చెప్పుకొనలేదు. ఆ కథను దాని యజమానియే వ్రాసి మూతలోపల ఉంచవలెను.